పద్నాలుగో కెమెరాలో ముప్పై సెకన్లు

ఒంటిగంటా పది నిమిషాలకు రావలసిన మనిషి ఒంటిగంటా పద్నాలుగుకు వచ్చింది. స్టేషన్ రైటరు గోడ గడియారాన్ని చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ గడియారాన్ని చూశాడు.

"నిమిషాలమ్మ గారే నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఇక మాబోటివాళ్ల సంగతేంటమ్మా?"

పౌర పర్యవేక్షణ సంఘం పరిశోధకురాలికి ఆ పేరు పోలీసులే పెట్టారు. ఎవరు ఏం చెప్పినా ఆమె మొదట అడిగేది "ఏ నిమిషానికి?" అనే. ఇంకో రోజైతే ఆమె కూడా నవ్వేది. పెళ్లయి ఇరవై మూడు రోజులైంది. భోజనానికి ఇంటికి వెళ్లి, భర్త చొక్కాకు ఊడిన గుండీని చొక్కా అతని ఒంటిమీద ఉండగానే కుడుతూ కూర్చుని టైం మరిచిపోయింది. సూది గుచ్చుకున్న వేలు ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ఆ మంట కూడా ఆమెకు ముద్దుగానే ఉంది.

గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్న మనిషిని చూడగానే ఆ ముచ్చటంతా లోపలికి వెళ్లిపోయింది.

ఊళ్లో తాళాలు బాగుచేసే తాళాలన్న చెల్లెలు. ఒళ్లో అన్న పనిసంచీ. బుధవారం పొద్దున ఆ సంచీతో ఈ స్టేషన్లోకి వచ్చిన తాళాలన్న మధ్యాహ్నానికి ఆసుపత్రిలో చనిపోయాడు. దొంగతనం అనుమానంతో తీసుకొచ్చామనీ, మెట్ల మీద నుంచి పడ్డాడనీ పోలీసులు రాశారు. నిన్న సాయంత్రం ఆ రాతకు ఇంకో వాక్యం చేరింది. పడలేదు, తోశారు. తోసింది స్టేషన్లో అందరూ కొత్తమ్మాయి అని పిలిచే లేడీ కానిస్టేబుల్. నాలుగు గంటలకు సంఘం కూర్చుంటుంది. ఆ నివేదికను ఒప్పుకుంటే నాలుగున్నరకు అమ్మాయిని అరెస్టు చేస్తారు.

"ఎవర్ని జైల్లో పెట్టాలో నాకు తెలీదు మేడమ్," అంది చెల్లెలు తల ఎత్తకుండా. "ఆ పిల్లను మాత్రం కాదు. బుధవారం మా అన్నకు మంచినీళ్లిచ్చింది ఆ పిల్లే. అన్న నాకు ఫోన్లో చెప్పాడు."

"ఏ నిమిషానికి చెప్పాడమ్మా?"

చెల్లెలు ఫోన్ తీసి చూపించింది. పదకొండూ ఇరవై రెండు.

"దొంగని పట్టుకొస్తే ఫోన్ చేసుకోనిస్తారా మేడమ్? పనుందని పిలిపించారంట. అదే చెప్పాడు. చిన్న పని, అరగంటలో వచ్చేస్తా అన్నాడు."

*

వెనక గదిలో కొత్తమ్మాయి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేరి రెండేళ్లయినా ఆమె తర్వాత ఇంకెవరూ రాకపోవడంతో స్టేషన్లో ఆమె ఇంకా కొత్తమ్మాయే. బల్ల మీద ప్లాస్టిక్ సంచీలో సీలు వేసిన బాడీ కెమెరా ఉంది. అగ్గిపెట్టెకు రెండింతలుంటుంది. మీద 14 అని అంకె.

"ఇది నీదేనా?"

"నాకిచ్చిందే మేడమ్. కానీ ఆ టైంలో నా దగ్గర లేదు. పదకొండుంపావుకు బ్యాటరీ తక్కువుందని చార్జింగ్ రాక్‌లో పెట్టాను."

"తర్వాత?"

"ఒక పెద్దావిడ సంచీ పోయిందని వస్తే ఫిర్యాదు రాస్తూ ముందు బల్ల దగ్గరే ఉన్నాను. మధ్యలో తాళాలన్నకు నీళ్లిచ్చాను. అంతే."

"ఎవరైనా చూశారా?"

"రైటర్ బాబాయ్ చూశాడు." ఆమె గొంతు తగ్గింది. "చూడలేదంటున్నాడు."

నిమిషాలమ్మ సంఘం కంప్యూటర్లో చూసిన నకలును మనసులో మళ్ళీ నడిపించుకుంది. ఆ కెమెరాలో ఉన్న సాక్ష్యమంతా కలిపి ముప్పై నాలుగు సెకన్ల వీడియో. పదకొండూ నలభై ఒకటి దాటిన ఆరో సెకనుకు మొదలై నలభయ్యో సెకనుకు ఆగిపోయింది. మొదటి ముప్పై సెకన్లలో శబ్దం లేదు. పై అంతస్తులో, పట్టుబడ్డ వస్తువులు దాచే సొత్తు గది, ఇనుప బీరువా ముందు గొంతుక్కూర్చున్న తాళాలన్న. బీరువా తలుపు తెరుచుకోవడం. అతను వెనక్కి తిరిగి, లోపలికి వేలు చూపిస్తూ ఏదో అడగడం. చివరి నాలుగు సెకన్లలో శబ్దం వచ్చింది. ఒక బీప్, తాళాల గుత్తి నేలమీద పడ్డ చప్పుడు. అంతే.

"మొదట్లో శబ్దం ఎందుకు లేదు?"

కొత్తమ్మాయి మొహంలో మొదటిసారి కాస్త రంగు కనిపించింది. తనకు బాగా తెలిసిన పని గురించి అడిగినప్పుడు మనుషులకు వచ్చే రంగు.

"కెమెరా ఊరికే ఉన్నా చూస్తూనే ఉంటుంది మేడమ్. లైటు వెలగదు. బొత్తాం నొక్కామనుకోండి, అప్పుడు ఎర్ర లైటు వెలుగుతుంది, బీప్ వస్తుంది. నొక్కకముందు ముప్పై సెకన్ల బొమ్మ కూడా అదే దాచేస్తుంది. బొమ్మ మాత్రమే, మాటలుండవు. మాటలు నొక్కినప్పటి నుంచే."

"అయితే పదకొండూ నలభై ఒకటీ ముప్పై ఆరుకు ఎవరో బొత్తాం నొక్కారు. నాలుగు సెకన్లకు ఆపారు."

"ఆపాలంటే మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి."

"అంటే బీప్ వినగానే కంగారుపడి ఆపేశారు." నిమిషాలమ్మ పెన్సిల్ బల్ల మీద పెట్టింది. "ఒక్కటి చెప్పు. రోజూ ఇది పెట్టుకునేవాళ్లెవరైనా ఆపుదామనుకుని పొరపాటున మొదలుపెడతారా?"

"ఛ! వేలికే తెలిసిపోతుంది మేడమ్. లైటు లేదంటే ఆగి ఉన్నట్టే. ఇంకా ఆపేదేముంది? మాకు మొదటి వారం ఈ క్లాసే."

"అధికారులకూ ఆ క్లాసుందా?"

"వాళ్లకెందుకు మేడమ్? వాళ్లు కెమెరా పెట్టుకోరుగా."

*

తలుపు తట్టకుండానే తెరుచుకుంది. పోలీసుశాఖ తరఫున ఈ కేసు విచారిస్తున్న విజిలెన్స్ సారు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన యూనిఫారం చొక్కా, చంకలో ఫైలు. కుడి మణికట్టు తిప్పి గడియారం చూసుకున్నాడు.

"ఇంకా కబుర్లేనా? రెండు కావస్తోంది. మీరు సంతకం పెడితే అందరం నాలుగింటికి తీరిగ్గా కూర్చోవచ్చు."

"చదవకుండా పెట్టే అలవాటు లేదు సార్."

"చదవక్కర్లేదు. చూడండి చాలు." ఫైల్లోంచి పెద్ద ఫోటో తీసి బల్ల మీద పరిచాడు. వీడియోలోంచి ఆపి తీసిన బొమ్మ. సొత్తు గదిలోని అద్దాల బీరువా ముందు నుంచి కెమెరా వెళ్తున్నప్పుడు, పెట్టుకున్న మనిషి ఒంటి బొమ్మ ఆ అద్దంలో పడింది. మెడ నుంచి నడుము దాకానే. మొహం అందలేదు, పేరు బిళ్ల మీద వెలుగు పడి తెల్లగా అయిపోయింది. కానీ చొక్కా ముందు పట్టీ, గడియారం ఉన్న చేయి స్పష్టంగా ఉన్నాయి.

"చొక్కా ఏ వైపు మూసుకుందో చూడండి. ఆడవాళ్ల యూనిఫారం. మగవాళ్లకు ఇటువైపుండదు. మా దర్జీ చేత రాయించాను కూడా. గడియారం ఎడమ చేతికి, ఈ అమ్మాయికి లాగే. కెమెరా పద్నాలుగు, ఈ అమ్మాయిదే. బుధవారం డ్యూటీలో ఉన్న ఆడ మనిషి ఒక్కతే. ఇంకేం కావాలండీ మీకు?"

కొత్తమ్మాయి ఫోటో వంక చూసింది. తన ఎడమ చేతి గడియారాన్ని రెండో చేత్తో కప్పుకుంది. ఆ ఒక్క కదలికే ఎంత నేరంలా కనిపించిందో నిమిషాలమ్మకు తెలిసింది. ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది. చొక్కా నిజంగానే ఆడవాళ్లదిలా ఉంది.

"మీ సంఘం కావాలని రాస్తేనే కదా ఈ కెమెరాలు వచ్చాయి," అన్నాడు విజిలెన్స్ సారు. "మీ కెమెరాయే పట్టించింది. సంతోషించండి."

"ఒక్కటడుగుతాను. అధికారులకు కెమెరా ఎందుకొద్దని రాశారు సార్? ఆ నిబంధన మీరు రాసిందే."

"కెమెరా చూస్తే మనిషి నోరు విప్పడండీ. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషి, అన్న మీద చాడీ చెప్పడానికొచ్చిన తమ్ముడు, వీళ్లందరూ ఎవరితో మాట్లాడతారు? మాతో. లైటు వెలుగుతుంటే మాట్లాడతారా?"

ఆ మాటలో కొంత నిజం ఉంది. నిమిషాలమ్మ తల ఊపింది. "వాళ్లు వద్దంటే ఆపొచ్చని నిబంధనలోనే ఉంది. ఆపాక ఎందుకు ఆపారో రాయాలి, అంతే. మీకు ఆపడం కష్టం కాదు సార్. రాయడమే కష్టం."

"ఎవరికి రాయాలి? మీ సంఘానికా? ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, ఒక క్షురకుడు, ఒక బస్సు కండక్టరు. వాళ్లు మాకు పని నేర్పుతారా?"

"కండక్టరు గారు రోజూ ఆరు వందల మంది కళ్ల ముందు పనిచేస్తారు. టిక్కెట్టులో చిల్లర తేడా వస్తే అక్కడికక్కడే అడుగుతారు జనం. ఎవరో చూస్తుండగా పనిచేయడం మనందరికంటే ఆయనకే బాగా తెలుసు."

విజిలెన్స్ సారు నవ్వాడు. కళ్లు నవ్వలేదు. "నాలుగు గంటలు," అని ఫోటో అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

నిమిషాలమ్మ ఆ ఫోటోను తన ఫోన్లోకి తీసుకుంది. కొత్తమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, నేను పైకి వెళ్లలేదు. మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్టు వద్దమ్మా. నిమిషాలు చాలు."

*

రెండూ ఇరవైకి రైటరు ఆమెను పైకి తీసుకెళ్లాడు. మెట్లు లెక్కపెడుతూ ఎక్కింది. పద్దెనిమిది. రెండు పక్కలా కటకటాలు, ప్రతి మెట్టు అంచునా జారకుండా రబ్బరు పట్టీ. తాళాలన్న తొమ్మిదో మెట్టు మీద నుంచి పడ్డాడని నివేదిక.

సొత్తు గది గుమ్మం దగ్గర రైటరు ఆగాడు. చేతిలో 9 అంకె ఉన్న కెమెరా.

"ఏమనుకోకండమ్మా. ఈ గదిలోకి ఎవరెళ్లినా కెమెరా తగిలించుకునే వెళ్లాలి. నిబంధన."

"ఎవరెళ్లినా?"

"ఎవరెళ్లినా."

"అధికారులు కూడానా బాబాయ్?"

రైటరు కెమెరాను ముందుకు చాపాడు. ఆమె కెమెరా తీసుకుని చొక్కాకు తగిలించుకుంది. లైటు వెలగలేదు. ఆమె వెలిగించనూ లేదు.

"బుధవారం ఎవరికి తగిలించావు?"

"నాలుగు నెలల్లో రిటైరవుతున్నానమ్మా." ముప్పై ఆరేళ్ల సర్వీసంతా ఆ ఒక్క వాక్యంలో ముడుచుకుని కూర్చుంది.

"సరే, ఇంకోటి అడుగుతా. పద్నాలుగో కెమెరా తిరిగి రాక్‌లోకి ఎలా వచ్చింది? రాక్‌లో పెడితేనే కదా మా సంఘం కంప్యూటర్‌కు నకలు వచ్చేది. పెట్టకపోతే ఆ ముప్పై నాలుగు సెకన్లు ఎవరికీ తెలిసేవి కావు."

"పక్కన పడెయ్యమని నా చేతికిచ్చారు. నేను రాక్‌లో పెట్టాను."

"కావాలనే పెట్టావా?"

రైటరు గొంతు సవరించుకున్నాడు. "అలవాటమ్మా. కెమెరా చేతికొస్తే రాక్‌లో పెట్టడం అలవాటు. అలవాటనే రాసుకోండి."

ఆమె రాసుకుంది. ఆ మాట మీద ఇంకేమీ అడగలేదు.

గదిలో మూడు వైపులా అరలు, చీటీలు కట్టిన మూటలు. మూలన ఇనుప బీరువా. తాళం కొత్తది. రైటరు తీసిచ్చాడు. ఖాళీ. నిమిషాలమ్మ మోకాళ్ల మీద కూర్చుని కింది అరలోకి ఫోన్ వెలుగు వేసింది. అరంతా దుమ్ము. దుమ్ములో మాత్రం శుభ్రమైన గళ్లు, వరసగా. లెక్కపెట్టింది. పదకొండు.

చొక్కా మీద కెమెరా తీసి ఒక గడిలో పెట్టింది. అంచుకు అంచు సరిపోయింది.

"పోయిన ఏడాది స్టేషన్లో పోయాయని రాసిన కెమెరాలెన్ని బాబాయ్?"

"పదకొండు." రైటరు గోడకు చేరగిలబడ్డాడు.

"పోలేదు. బుధవారం దాకా ఇక్కడే ఉన్నాయి. పదకొండు కెమెరాల్లో ఏముందో ఎవరూ చూడకూడదనుకున్నవాళ్లు దాచారు. తాళం బిగుసుకుపోతే తీయడానికి తాళాలన్నను పిలిపించారు. ఆయన తీశాడు, చూశాడు, ఇవేంటని అడిగాడు."

ఆమె లేచి కెమెరా మళ్ళీ చొక్కాకు తగిలించుకుంటూ తల ఎత్తింది. ఎదురుగా అద్దాల బీరువా. అందులో తను.

చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

అద్దంలో ఆమె తొడుక్కున్నది భర్త చొక్కాలా ఉంది.

ఇందాక ఇంట్లో గుండీ కుట్టడం అయ్యాక అతను అద్దం ముందు నిలబడి నవ్వాడు. "ఇటు చూడు. అద్దంలో నా చొక్కా కూడా నీ చొక్కా అయిపోయింది, పట్టీ అటు తిరిగి." తను నవ్వుతూ దారం కొరికింది. అప్పుడది ముచ్చటే, ఇంకేం కాదు.

ఫోన్లో ఇందాకటి ఫోటో తెరిచి అద్దం పక్కన పెట్టి చూసింది.

"బాబాయ్, ఇలా వచ్చి నిలబడు. నీ చొక్కా చూసుకో. అద్దంలో ఏ వైపు మూసుకుంది?"

రైటరు చూశాడు. ఫోటోను చూశాడు. ఫోటోలో ఉన్నట్టే ఉంది, పట్టీ అదే వైపు.

"అద్దం తిప్పేసింది. ఈ ఫోటోలో ఉన్నది మగవాళ్ల చొక్కా. ఆ దర్జీ అబద్ధం రాయలేదు. కాగితం చేతికిస్తే కాగితాన్నే చూశాడు, బొమ్మ అద్దంలోదని ఎవరూ చెప్పలేదు." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "చొక్కా తిరిగితే చెయ్యి కూడా తిరగాలి కదా. ఎడమ చేతిదనుకున్న గడియారం..."

"కుడి చేతిది," అన్నాడు రైటరు. ఆ మాట నోట్లోంచి జారిపోయాక రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"కెమెరా పెట్టుకోవడం రాని మనిషి. అధికారి. కుడి చేతికి గడియారం. బుధవారం ఈ గుమ్మం దగ్గర నువ్వు నిబంధన చెప్పి తగిలించింది ఎవరికి?"

"రైటర్!" గుమ్మంలోంచి పిలుపు. "కింద ఫోన్ మోగుతోంది. వెళ్లి ఎత్తు."

విజిలెన్స్ సారు ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. రైటరు నిమిషాలమ్మను చూశాడు. కాళ్లు ముందుకు పడలేదు, వెనక్కీ పడలేదు. ఆమే అంది: "వెళ్లు బాబాయ్."

అతను వెళ్లగానే విజిలెన్స్ సారు లోపలికి వచ్చి తలుపు మూశాడు. గొళ్లెం పెట్టాడు. గడియారం ఉన్న కుడి చేత్తో. నిమిషాలమ్మ కదలకుండా, ఛాతీ అతని వైపే ఉండేలా నిలబడింది. మనసులో లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు.

"తెలివైనవాళ్లు," అన్నాడతను మెల్లగా. "కొత్తగా పెళ్లైందట. ఇంటికి వెళ్లాల్సిన మనిషి. ఇలాంటి గదుల్లో ఎక్కువసేపు ఉండకూడదు."

తొమ్మిది. పది.

అతని చూపు ఆమె చొక్కా మీది కెమెరా మీద పడింది. లైటు లేదు. భుజాలు కాస్త సడలాయి.

"ఆన్ చెయ్యలేదు. మంచి పని చేశారు. మనిద్దరం పెద్దవాళ్లలా మాట్లాడుకోవచ్చు."

పద్నాలుగు.

"తాళాలన్న ఏమడిగాడు సార్?"

"అడగాల్సింది కాదు అడిగాడు."

పద్దెనిమిది. ఆమె చెయ్యి పైకెత్తి బొత్తాం నొక్కింది. బీప్. ఎర్ర లైటు వెలిగింది.

విజిలెన్స్ సారు ఒక్క క్షణం చూసి నవ్వేశాడు. "ఇప్పుడా? ఇప్పుడు నొక్కి ఏం లాభమండీ? తలుపు వేసి ఎంతసేపైంది!"

"ఇప్పుడన్న ఆ మాట రికార్డయింది సార్," అంది నిమిషాలమ్మ. "మీరు తలుపు వెయ్యడం కూడా బొమ్మగా వచ్చేసింది. మీకు ఆ క్లాసు లేదుగానీ, ఇది ముప్పై సెకన్లు వెనక్కి కూడా చూస్తుంది. బుధవారం చూసినట్టే."

అతని మొహంలో నవ్వు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. దాని వెనక ఉన్న మనిషి మాత్రం వెళ్లిపోయాడు. కుడి చెయ్యి మెల్లగా ముందుకు వచ్చింది.

"ఇలా ఇవ్వండి."

గదిలోని గోడ గడియారం రెండూ నలభై ఏడు చూపిస్తోంది. కెమెరా రాక్‌లోకి చేరితే తప్ప నకలు సంఘానికి వెళ్లదు. రాక్ కింద ఉంది. అక్కడికి పద్దెనిమిది మెట్లు. తాళాలన్న పడ్డాడని రాసింది ఆ మెట్ల మీదే.

కింద ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు తలుపు అవతల, గుమ్మానికి ఆనుకుని, ఎవరో అలవాటుగా గొంతు సవరించుకున్నారు.